గుట్ట మీది కలే పొద



రోహిణి ఎండలు సడలి మృగశిర కార్తె వచ్చే రోజుల్లో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్తే, కూరగాయల వరసలు దాటాక నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న అమ్మల దగ్గర అప్పుడప్పుడు ఓ చిన్న పండు కనిపిస్తుంది. బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది. దోరగా ఉన్నప్పుడు ముదురెరుపు, మాగితే నల్లగా నిగనిగలాడుతుంది. మోదుగాకు దొప్పలో పోసి ఇస్తారు. అవే కలే పండ్లు. కొన్ని ఊళ్లలో కలివి పండ్లంటారు. వీటికి ఎవరూ విత్తనం వేయలేదు, నీళ్లు పెట్టలేదు, మందు కొట్టలేదు. గుట్టల మీద ముళ్ల పొదల్లో చేతులు గీరుకుపోతుంటే ఏరి తెచ్చినవి. ఆ పొద గురించి, దాని పక్కనే పెరిగే ఇంకో పొద గురించి, రెండింటికీ నీడా నీరూ ఇచ్చే మన రాతి గుట్టల గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను.

కలే పొదను దగ్గరగా చూడాలంటే ముందు చొక్కా చేతులు కిందికి దించుకోవాలి. నడుమెత్తు నుంచి తలెత్తు దాకా గుబురుగా పెరుగుతుంది. ఆకులు చిన్నవి, దళసరివి, జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఆ ఆకుల దగ్గరే ముల్లు. సూదిలా నిటారుగా ఉంటుంది, కొన్నిచోట్ల కొన రెండుగా చీలి ఉంటుంది. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. గన్నేరు కుటుంబం కదా, ఆ పాలు పుట్టుకతో వచ్చినవి. ఎండాకాలంలో, చుట్టూ గడ్డి మాడి బూడిద రంగుకు తిరిగినప్పుడు, ఈ పొద పూస్తుంది. మొగ్గ మీద లేత గులాబీ ఛాయ. విచ్చుకుంటే అయిదు తెల్లటి రేకులు, వాటి కింద సన్నటి గొట్టం. పొద్దుగూకే వేళకు దాని వాసన మల్లెను తలపిస్తుంది. తెల్లటి రంగు, సాయంత్రపు వాసన, సన్నటి గొట్టం, ఈ మూడూ రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి ఏర్పడినవే. ఆ పురుగులు వచ్చి పుప్పొడి చేరవేస్తేనే మనకు పండు.

పచ్చి కాయను కొరికితే పులుపుతో పాటు వగరు, దానితో పాటే పాలు. పెదాలు అతుక్కుంటాయి. పొద మీదే పూర్తిగా మాగి, వేలు తగలగానే ఊడి వచ్చే పండు రుచి వేరు. తీపి ముందు వస్తుంది, వెనకాల సన్నటి పులుపు నిలుస్తుంది, నాలుక ఊదారంగుకు తిరుగుతుంది. పల్లెల్లో పశువులు కాసిన పిల్లలకు ఇది మధ్యాహ్నపు తిండిలో భాగం. పశువులను గుట్ట వారకు తోలి, పొదల చుట్టూ తిరిగి, జేబులు నింపుకుని వచ్చేవారు. ఇప్పుడు డెబ్భై దాటిన వాళ్లను ఎవరినైనా కదిపి చూడండి, ఏ గుట్ట మీద ఏ బండ పక్కన పొద ఉండేదో గుర్తుపట్టి చెబుతారు.

బండ పక్కన అన్నాను. అది ఊరికే అన్న మాట కాదు. సికింద్రాబాద్, హైదరాబాద్ కింద ఉన్న రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. కోట్ల ఏళ్ల ఎండకు, వానకు పైపొర చిట్లి, పొరలు పొరలుగా ఊడి, గుండ్లు గుండ్లుగా మిగిలింది. మౌలాలి గుట్ట ఎక్కి చుట్టూ చూస్తే ఈ నేల తీరు అర్థమవుతుంది. సముద్ర మట్టానికి ఆరు వందల మీటర్ల పైన ఉంటుంది ఆ గుట్ట కొన. బోడి బండ మీద వాన పడితే చుక్క కూడా లోపలికి ఇంకదు. అంతా జారి పగుళ్లలోకీ, బండ మొదట్లో పేరుకున్న గరుసు మట్టిలోకీ దిగుతుంది. ఎకరం బండ మీద కురిసిన వాన నాలుగు చారల మట్టికి అందుతుందన్న మాట. మైదానంలో మొక్క ఎండిపోయే ఏడాది కూడా బండ మొదట్లో పొద పచ్చగా నిలిచేది అందుకే. మధ్యాహ్నం తర్వాత బండ నీడ ఇస్తుంది, వేరు పగులులో దూరి లోతుకు పోతుంది. రాయిని పగలగొట్టి కంకరగా తరలించాక అదే చోట ఎన్ని మొక్కలు నాటినా ఆ నీటి దారి తిరిగి రాదు. ఈ బండలను కాపాడుకుందామని 1996లో మన నగరంలో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది. వాళ్లు రాయి గురించి మాట్లాడినప్పుడల్లా నాకు దాని మొదట్లోని పొద కూడా గుర్తొస్తుంది. ఆ రెండింటినీ విడదీసి కాపాడలేం.

కలే పండు ఇస్తే, దాని పక్క పొద పువ్వు ఇస్తుంది. తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యిందీ ఆ ఏడాదే. ఇంత వరకు అందరికీ తెలుసు. తంగేడు తినే పువ్వని తెలిసిన వాళ్లు మాత్రం పట్నంలో తగ్గిపోయారు. తొడిమ, కాడ తీసేసి రేకులను, లేత మొగ్గలను కడిగి, ఉడుకుతున్న పెసరపప్పులో వేస్తారు. పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. పైన వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి పోపు. పువ్వుకు లేత చేదు ఉంటుంది, పప్పు కమ్మదనంలో అది కలిసిపోతుంది. నీడన ఎండబెట్టిన పువ్వును మరిగించి కషాయంగా తాగే అలవాటూ ఉంది. తమిళులు ఆవారం పువ్వని దీన్నే ఇళ్లలో దాచుకుంటారు. ఇక తంగేడు చెక్క తోళ్లు ఊనడానికి దక్షిణాది అంతటా వాడారు. కొమ్మలు, ఆకులు వరి మడిలో తొక్కి పచ్చిరొట్టగా వేశారు. పుల్లతో పళ్లు తోముకున్నారు. మేకలు దీన్ని ముట్టవు, అందుకే మేతకు పోయిన బీళ్లలో కూడా పచ్చగా నిలుస్తుంది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి, రేడియో వినేవాళ్లలో పిల్లల తల్లులు ఉంటారు. తంగేడు పోలికలు కొన్ని వేరే మొక్కల్లోనూ ఉన్నాయి. వానాకాలం రోడ్ల పక్కన పసుపు పూలతో గుంపులుగా లేచే కసివింద అందులో ఒకటి. దాని గింజలు విషం. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో పదుల సంఖ్యలో పసిపిల్లలు చనిపోయారు. ఆ మరణాల్లో చాలావాటికి ఈ గింజల విషమే కారణమని పరిశీలనకు వెళ్లిన నిపుణులు తేల్చారు. ఆకలేసిన పిల్లలు పొలం గట్ల మీద కాయలు ఒలుచుకుని తిన్నారు. తంగేడు కాయ బద్దలా పలచగా, వెడల్పుగా, గోధుమ రంగులో వేలాడుతుంది. కసివింద కాయ సన్నగా, పొడవుగా, కాస్త వంపు తిరిగి పైకి లేచి ఉంటుంది. అలాగే కలే పొద కుటుంబంలోనే గన్నేరు, పచ్చగన్నేరు ఉన్నాయి. పాలు కారే మొక్కల్లో తినదగినవి కొన్నే. గుర్తుపట్టగల పెద్దవాళ్లు వెంట లేకుండా పిల్లలు ఏ కాయా నోట్లో పెట్టుకోకూడదు. అడవి తిండి తెలివి అంటే ఏది తినాలో తెలియడం ఎంతో, ఏది తినకూడదో తెలియడం కూడా అంతే. ఆ రెండో సగం ముందు మరుగున పడింది, అందుకే మొదటి సగం మీద కూడా భయం పుట్టింది.

ఇక వంటింటికి వద్దాం. కలేకు పెద్దక్క వంటిది వాక్కాయ. కాయ పెద్దది, గులాబీ కలిసిన తెలుపు ఎరుపు. వినాయక చవితికి ముందూ వెనకా మన మార్కెట్లలో గంపల కొద్దీ వస్తుంది. దీన్ని ఇళ్లలో పెంచుతారు, తోటల్లో కంచెగా వేస్తారు. చేతులకు, కత్తిపీటకు నూనె రాసుకుని రెండుగా కోస్తే పాలు అంటుకోవు. గింజ తీసి, ఉప్పు నీళ్లలో కాసేపు వేసి కడిగితే జిగురు పోతుంది. కందిపప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. పచ్చిమిర్చితో కలిపి నూరితే తొక్కు, అన్నంలో కలిపితే పులిహోర. అడవి కలేకాయతోనూ ఇవన్నీ చేయొచ్చు, కాకపోతే కాయ చిన్నది కాబట్టి గింజలు తీసే ఓపిక కావాలి. ఓపిక ఉన్నవాళ్లు చేసిన కలేకాయ తొక్కు తిన్నాక నాకు వాక్కాయ తొక్కు చప్పగా అనిపించింది.

బేకరీలో కేకు మీద, పాన్ మీద ఎర్రగా మెరిసే చెర్రీ ఉంటుంది కదా. మన దేశంలో చెర్రీ పేరుతో అమ్మే ఆ పండ్లలో చాలా భాగం వాక్కాయలే. గింజ తీసి, చక్కెర పాకంలో ఊరవేసి, ఎర్ర రంగు పట్టిస్తారు. సొంత పేరుతో అమ్మితే కొనేవాళ్లు లేరు, పరాయి పేరు పెడితే పుట్టినరోజు కేకు మీద కూర్చుంటుంది. ఇది నాకు బాధ కలిగించే సంగతి. కంటోన్మెంటు రోజుల్లో ఇంగ్లీషు కుటుంబాలు దేశమంతటా ఈ కాయలతో జెల్లీ చేసుకునేవి. వాళ్ల ఊరి రెడ్ కరెంట్ అనే ఎర్ర పండ్ల జెల్లీకి ఇది సాటి వచ్చేది. కాయలో పెక్టిన్ ఎక్కువ, అందుకే పాకం తేలిగ్గా గడ్డకడుతుంది. అంతకు చాలా ముందే, 1781 నుంచి సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద తాను తెచ్చిన గొప్ప బొమ్మల గ్రంథంలో వాక్కాయకు చోటిచ్చాడు. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. భారతీయుల ఆహారంలోని పోషకాల మీద ఆ సంస్థ అచ్చువేసిన పట్టికల్లోనూ ఈ కాయ పేరుంది. పుస్తకాల్లో ఉంది, పట్టికల్లో ఉంది, కేకు మీద ఉంది. మన పిల్లల టిఫిన్ డబ్బాలో మాత్రం లేదు.

గుట్ట మీద కలేతో పాటు ఇంకా ఉన్నాయి. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటాం కదా, ఆ బలుసు ఇక్కడి పొదే. దాని పసుపుపచ్చ పండు కూడా తినేదే. పరికి పండ్లు, రేగు పండ్లు, జాన పండ్లు. ఎప్పుడో సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి వచ్చి మన గుట్టల మీద తనంతట తాను మొలిచే స్థితికి చేరిన సీతాఫలం. 1876 నుంచి 78 వరకు దక్కనును పీల్చేసిన ధాత కరువు లాంటి కాలాల్లో జనం ఇలాంటి ఆకులూ కాయలూ తినే ప్రాణాలు నిలుపుకున్నారు. వ్యవసాయం చేతులెత్తేసిన ఏడాది కూడా చేయి చాచిన నేల ఇది. దాన్ని రెవెన్యూ కాగితాల్లో బంజరు అని రాశారు.

బంజరు అన్న ఆ ఒక్క రాత ఎంత నష్టం చేయగలదో చూడాలంటే కడప జిల్లాకు వెళ్లాలి. అక్కడ లంకమల కొండల కింద ఒక పక్షి ఉంది, కలివికోడి. కలివి పొదల మధ్య, రాత్రిపూట, నేల మీద పరుగులు తీసే పక్షి. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడి ద్వారా ఇది శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్లీ ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుండగా, రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది. శాస్త్రవేత్తలు ఎనభై ఆరేళ్లు లేదనుకున్న పక్షి ఆ ఊళ్ల పక్కనే బతికే ఉంది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత ఆ పక్షి అడుగుజాడలను ఏళ్ల తరబడి వెతికిన పరిశోధకులు ఒక సంగతి గమనించారు. దానికి దట్టమైన అడవి పనికిరాదు, మైదానమూ పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి బోసి నేల కావాలి. పొదలు నరికినా పోతుంది, పొదల స్థానంలో చెట్లు పెంచినా పోతుంది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు పెద్ద గొడవే అయింది, కాలువ దారి మార్చారు. ఆ పక్షి ఇప్పటికీ కంటపడటం మహా అరుదు.

మన గుట్టల మీద కలివికోడి లేదు. కౌజులున్నాయి, పికిలి పిట్టలున్నాయి, బొల్లారం వైపు నెమళ్లున్నాయి. కలే పండు తిన్న పికిలి పిట్ట ఇంకో బండ మీద వాలి గింజ వదిలితే అక్కడ కొత్త పొద. ఆ ముళ్ల నడుమ పడిన వేప గింజ, రేగు గింజ మేక నోటికి అందకుండా మొలకెత్తి, నాలుగేళ్లకు పొదను దాటి పైకి వస్తాయి. అడవి తిరిగి రావాలంటే మొదటి మెట్టు ఈ ముళ్ల పొదే.

సికింద్రాబాద్‌కు ఇందులో ఒక అదృష్టం ఉంది. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకుని ఈ ఊరు దండు విడిదిగా స్థిరపడింది. కంటోన్మెంటు దాదాపు పదివేల ఎకరాలు. అందులో సైన్యం చేతిలో ఉన్న భూముల్లో, గోడల లోపల, ఇళ్లు లేవని చోట, పాత గుట్టల నేల ఇంకా కొంత మిగిలింది. యాప్రాల్, అమ్ముగూడ, బొల్లారం వైపు వెళ్లేటప్పుడు కంచె అవతల చూడండి. బండలు, వాటి మొదట్లో పొదలు, వాన పడ్డ వారానికి పసుపు తంగేళ్లు. గోడకు ఇవతల అదే నేల మీద అపార్టుమెంట్లు లేచాయి. ఇంకొన్ని చోట్ల పొదలను చెత్తగా తీసేసి, గుంతలు తవ్వి, ఒకే రకం మొక్కలు వరసగా నాటారు. పచ్చదనం పేరుతోనే ఈ పని జరగడం నాకు అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. కోనోకార్పస్ చెట్లను ఊరంతా నాటి, తర్వాత ఇక నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. గుట్ట తన పొదను తాను పెంచుకోగలదు. దాన్ని చదును చేయకుండా, తగలబెట్టకుండా, చెత్త పోయకుండా ఉంటే చాలు. మొక్కలు నాటే కార్యక్రమం పెట్టుకునే కాలనీ సంఘాలకు, పాఠశాలలకు నా విన్నపం ఒక్కటే. ముందు ఆ స్థలంలో ఇప్పటికే ఏమున్నాయో ఒక పూట నడిచి చూడండి. ముళ్లున్నవన్నీ పిచ్చి మొక్కలని తీర్మానించకండి.

ఏరుకునే తీరు కూడా చెబుతాను. బతుకమ్మ రోజుల్లో శామీర్‌పేట, కీసర వైపు నుంచి తంగేడు మూటలుగా ఊళ్లోకి వస్తుంది. కొమ్మకు కొమ్మ విరిస్తే ఆ ఏడు కాయ ఉండదు, గింజ రాలదు, కొత్త మొక్క రాదు. పూగుత్తిని మాత్రం తుంచి, ప్రతి పొద మీద సగం పైగా వదిలేస్తే పండుగకూ లోటుండదు, పొదకూ లోటుండదు. కలే పండ్లయితే నల్లగా మాగినవే ఏరాలి. కర్రతో కొట్టి రాల్చకూడదు, లేత కొమ్మలు విరిగి మరుసటి ఏడు కాపు పోతుంది. అందనంత లోపలివి పిట్టల వాటా అని వదిలేయడం పాత మర్యాద.

ఇంటి చుట్టూ కాస్త నేల ఉన్నవాళ్లు, ఊరవతల తోట ఉన్నవాళ్లు ప్రహరీకి బదులు వాక్కాయనో, కలేనో కంచెగా వేసుకోవచ్చు. వాక్కాయలో పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వాళ్లు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అనే రకాలు ఇచ్చారు. గజానికొకటి చొప్పున నాటి, మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోస్తే చాలు. మూడో ఏడు నుంచి కాయ మొదలవుతుంది. పశువు దూరదు, ఎరువు అడగదు. అడవి కలే కావాలంటే మార్కెట్లో దొప్పెడు పండ్లు కొని, తిని, గింజలు దాచండి. ఎక్కువ రోజులు ఆగితే అవి మొలవవు. గుజ్జు పోయేదాకా కడిగి, ఒకటి రెండు రోజులు నీడన ఆరబెట్టి, మట్టి, ఇసుక, మాగిన పెంట సమంగా కలిపిన సంచుల్లో అరంగుళం లోతున వేయాలి. తడి ఆరకుండా, నీళ్లు నిలవకుండా చూసుకోవాలి. మృగశిరలో వేసిన గింజలు ఆషాఢం లోపలే మొలకలెత్తుతాయి. ఏడాది పాటు సంచిలోనే పెంచి, మళ్లీ వచ్చే తొలకరికి నేలలో నాటుకోండి, వీలైతే ఓ బండ పక్కన.